ఆట వేరు, పందెము వేరు

(మంచేనహళ్ళిలో జరిగిన మన సంఘపు యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాధారణముగా మన సమావేశములలో భాషను గూర్చియు, బడులను గూర్చియు పండితులు ప్రసంగింతురు. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. చిట్టా వ్రాయుట, ఆవర్జా చదువుట నాకు వచ్చిన విద్య. నేడు నేను చెప్పదలచినది ఆ విద్యకు సంబంధించినదే గనుక, కార్యదర్శిగారు పిలిచినపుడు కాదనలేక వచ్చితిని.

మా అంగడి ముందర ఒక రాతి బల్ల యున్నది. సాయంకాలమున మన పిల్లలు పదిమంది అక్కడ చేరుదురు. మునుపు క్రికెట్టు మాటలే వినబడుచుండెను. 2022 సంవత్సరమున ఖతార్ దేశమున ప్రపంచ కప్పు జరిగినప్పటినుండి ఫుట్‌బాలు మాటలు హెచ్చినవి. ఇంగ్లండు జట్ల పేర్లు, స్పెయిన్ జట్ల పేర్లు మన ఊరి వీధుల పేర్లవలె వారి నోట పలుకుచున్నవి. దీనికి నేను సంతసించితిని. దూరదేశపు ఆటను ప్రేమించుటలో తప్పేమున్నది? కాని కొలది దినములకు ఆ మాటలలో మరియొక భాష కలిసినది. 'నిన్న రాత్రి రెండు వేలు వచ్చినవి', 'ఆఖరి నిమిషమున గోలు పడక పోయియుండిన ఆరు వేలు' అను మాటలు. ఎవరికి వచ్చినదో, ఎంత వచ్చినదో బల్లమీద అందరికిని తెలియును. ఎవరికి పోయినదో మాత్రము ఎవ్వరికిని తెలియదు. పోయినవాడు ఆ సాయంకాలము బల్లకు రాడు. లేక వచ్చి, నవ్వి, 'కొంచెములో తప్పినది' అని ఊరకుండును.

ఆ ఖతార్ పోటీలోనే 2022 నవంబరు 22వ తేదీన అర్జెంటీనా జట్టు సౌదీ అరేబియా చేత 2-1 గోలులతో ఓడినది. మరునాడు జర్మనీ జట్టు జపాను చేత అట్లే 2-1 గోలులతో ఓడినది. ఆ రెండు దినములు మా బల్లమీద ఒక్క ప్రాణి కనబడలేదు. అప్పుడు నాకు విషయము బోధపడినది. ఓడినది అర్జెంటీనా మాత్రమే కాదు. మన ఇండ్లలో ఎవరో కూడ ఓడిరి. అదే అర్జెంటీనా డిసెంబరు 18న ఫ్రాన్సుతో 3-3 సమముగా ఆడి, పెనాల్టీలలో 4-2తో కప్పు గెలిచినది. ఆ జట్టు తన ఓటమిని తీర్చుకొన్నది. మన పిల్లవాని సొమ్ము మాత్రము తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. నేను ఆటను నిందించుటకు రాలేదు. ఈ ఆట మనకు పరాయిది కాదు. 1948 లండను ఒలింపిక్సులో మన జట్టువారు పలువురు బూట్లు లేకయే ఫ్రాన్సు నెదిరించి ఆడిరి. స్వతంత్ర భారతమునకు ఒలింపిక్సులో మొట్టమొదటి గోలు చేసిన రామన్ బెంగళూరువాడు. ఆ జట్టులోని అహమ్మద్ ఖాన్ కూడ బెంగళూరువాడే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారే 1956లో భారత జట్టును మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణ పతకమునకు నడిపిరి. మరుసటి సంవత్సరమే వారు కాలధర్మము చెందిరి. సికిందరాబాదున పుట్టి పెరిగిన తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోను ఆడెను. ఇది మన దేశపు చరిత్ర, మన భాషాప్రాంతపు చరిత్ర.

ఇంత దూరమేల? 2023 మార్చి 4వ తేదీన రియాద్ నగరమున మన కర్ణాటక జట్టు మేఘాలయ జట్టును 3-2 గోలులతో ఓడించి, 54 సంవత్సరముల తరువాత సంతోష్ ట్రోఫీని గెలిచినది. ఆ వారము మా బల్లమీద ఒక పిల్లవానిని అడిగితిని. అతనికి ఆ సంగతియే తెలియదు. కాని ఆ రాత్రియే ఇంగ్లండులో ఏ జట్టుకు ఎంత ధర పలికినదో తెలియును. తమ్ములారా! ప్రేమించినవాడు తన ఇంటి గెలుపును ఎరుగకుండునా? పందెము మన కన్నులను బంతిమీదనుండి తీసి ధరమీద పెట్టినది. అందువలననే ఆట వేరు, పందెము వేరు అనుచున్నాను.

ఇక ధర సంగతి. ఇది నా వృత్తి గనుక కొంచెము వివరముగా చెప్పెదను. ఒక ఆటకు మూడు ఫలితములు: మొదటి జట్టు గెలుచుట, రెండవ జట్టు గెలుచుట, సమమగుట. ఫోనులో మూడింటికి మూడు ధరలు చూపుదురు. ఉదాహరణకు 2.10, 3.20, 3.30 అనుకొందము. అనగా మొదటి జట్టుపై నూరు పెట్టి గెలిచిన 210 వచ్చును. ఇప్పుడు లెక్క చూడుడు. ఏ ఫలితము వచ్చినను నా చేతికి సరిగా నూరు రూపాయలు రావలెనని మూడింటిపైనను పందెము వేసితిననుకొనుడు. మొదటి జట్టుపై 47 రూపాయల 62 పైసలు, రెండవ జట్టుపై 31 రూపాయల 25 పైసలు, సమముపై 30 రూపాయల 30 పైసలు వేయవలెను. మొత్తము 109 రూపాయల 17 పైసలు. నూరు రూపాయల నోటును నేను నూట తొమ్మిదింటికి కొనుచున్నాను! ఆట ఎట్లు ముగిసినను ఆ తొమ్మిది రూపాయలు అంగడివానివి. ఇటువంటి తూకపురాయి మా మండీలో ఎవడైనను పెట్టిన, వేరుసెనగ తెచ్చిన రైతు వానిని బజారులో నిలువనిచ్చునా? ఫోనులో పెట్టినవానికి మాత్రము మనము వంగి నమస్కరించుచున్నాము.

కావున సగటున నూరు రూపాయల పందెమునకు తొంబదిరెండు తిరిగి వచ్చునని ఎంచుకొనుడు. ఒక్కసారికి ఎనిమిది రూపాయలే కదా యని కొందరందురు. కాని ఐదు ఆటలను ఒకే మూటగా కట్టి, ఐదును గెలిచిననే సొమ్ము వచ్చునట్టి పందెము లున్నవి. పిల్లలకు అవియే ప్రీతి. ఇరువది రూపాయలకు రెండు వేలు చూపుదురు గనుక. ఆ మూటలో ఎనిమిది రూపాయల కోత ఒక్కసారి కాదు, ఐదు సార్లు ఒకదానిపై నొకటి పడును. లెక్క కట్టిన, నూటికి సగటున అరువదియారు మాత్రమే తిరిగి వచ్చును. ముప్పదినాలుగు పోవును. నూటికి ముప్పదినాలుగు లాభమున్న వ్యాపారము ఈ తాలూకాలో ఏ వర్తకుడు చేయుచున్నాడో నాకు చూపుడు; నేనును వానియొద్ద గుమాస్తాగా చేరెదను.

'నాకు ఆట తెలియును, జట్ల బలము తెలియును, నేను అందరివంటి వాడను కాను' అని ఒక తమ్ముడు నాతో వాదించెను. నీకంటె ఆట తెలిసినవారి సంగతి విను. సాండ్రో టొనాలి యను ఇటలీ ఆటగాడు కోట్ల జీతము తీయువాడు, మైదానమున స్వయముగా ఆడువాడు. పందెముల నేరమునకు 2023 అక్టోబరులో పది నెలలు ఆటనుండి బహిష్కరింపబడెను. ఇంగ్లండు జట్టు ఆటగాడు ఐవన్ టోనీ అదే సంవత్సరము మే నెలలో ఎనిమిది నెలలు బహిష్కృతుడాయెను. అంతకు ముందు 1980లో ఇటలీలో పందెగాండ్ర కుట్ర బయటపడి, మిలాన్, లాజియో వంటి గొప్ప జట్లు క్రింది శ్రేణికి దింపబడినవి. ఇంకొక సంగతి. నిరంతరము గెలుచువాని పందెపు మొత్తమును కంపెనీలు తగ్గించివేయుట ఇంగ్లండులో ప్రసిద్ధము. ఓడువానికి అంగడి తలుపు తెరిచియుండును, గెలుచువానికి మూయబడును. అట్టి అంగడిలో తెలివి ఏమి చేయగలదు?

2016లో లెస్టర్ సిటీ యను చిన్న జట్టు ఇంగ్లండు లీగు గెలిచినపుడు ఒకటికి ఐదు వేలు ధర చెల్లినదని అందరును చెప్పుకొందురు. నిజమే. ఆ కథ లోకమంతయు తిరిగినది. దానికి ముందు ఎన్ని సంవత్సరములు ఎన్ని చిన్న జట్లపై ఎందరు సొమ్ము వేసి పోగొట్టుకొనిరో ఆ కథ ఎవరును చెప్పరు. గెలుపునకు నోరున్నది, ఓటమికి లేదు. మా రాతి బల్లమీద జరుగునదియు ఇదియే.

ఈ సంగతి రూఢి చేసికొనుటకు నేను ఒక పని చేసితిని. నాకు దగ్గరివాడైన ఒక యువకుని పిలిచి, 'నాయనా, ఈ సంవత్సరము నీకు లాభమా నష్టమా?' అని అడిగితిని. 'లాభమే మామా, ఇరువదియైదు వేలు' అని తడుముకొనక చెప్పెను. 'అయిన ఫోను తీసి అంకెలు చదువుము, నేను చిట్టా వ్రాసెదను' అంటిని. రెండు రాత్రులు కూర్చుంటిమి. ఆగష్టు మొదలు మే వరకు అతడు వేసిన పందెములు 212. గెలిచినవి 71. కట్టిన మొత్తము 86,400 రూపాయలు. వచ్చిన మొత్తము 61,900 రూపాయలు. అతడు లాభమని చెప్పిన ఇరువదియైదు వేలు నాలుగు పెద్ద గెలుపుల మొత్తము: 9,000, 6,500, 5,200, 4,300. ఆ నాలుగును ఊరంతయు ఎరుగును. మిగిలిన 208 పందెములు అతడే ఎరుగడు. నిలువ తీసిన 24,500 నష్టము. ఆ అంకె క్రింద గీత గీసినపుడు ఆ పిల్లవాడు చాలసేపు మాటలాడలేదు. పిదప, 'నేను అబద్ధము చెప్పలేదు మామా, నాకే తెలియదు' అనెను. అతడు నన్ను మోసగింపలేదు. తన జ్ఞాపకశక్తి తన్ను మోసగించినది. చిట్టా లేని వ్యాపారము ఇట్లే యుండును.

ఇతని కథ సుఖాంతము. ఇంకొకని కథ అట్లు కాదు. పేరు చెప్పను, ఊరును చెప్పను. తల్లి పట్టుగూళ్ళు పెంచి, స్త్రీల పొదుపు సంఘమునకు కోశాధికారిణిగా ఉండి, ఇరువదిమంది సొమ్మును ఇనుపపెట్టెలో దాచినది. కొడుకు మొదట తన జీతము, పిదప ఫోనులో అప్పులిచ్చువారి సొమ్ము, ఆ పైన ఆ పెట్టెలోని సొమ్ము పందెములకు పెట్టెను. మొత్తము లక్షా నలుబది వేలు. తెలిసిన దినమున ఇల్లు విడిచిపోయెను. పదునొకండు దినములు ఆ తల్లి అన్నము ముట్టలేదు. పన్నెండవ దినమున అతడు తెల్లవారుజామున మా అంగడి తలుపు తట్టెను. ఇంటికి పోవుటకు ముఖము చెల్లక నాయొద్దకు వచ్చెను. నేను అతనిని అడిగిన మొదటి మాట, 'ఇన్ని నెలలు ఎవరికిని ఏల చెప్పలేదు?' అని. అతడనెను: 'పోయిన సొమ్మునకు భయపడలేదన్నా, చెప్పుటకు భయపడితిని. బల్లమీద అందరును గెలుచుచుండగా నేనొక్కడనే ఓడుచున్నాననుకొంటిని.'

ఈ మాట వినిన దినమునుండి నాకు నిద్ర పట్టలేదు. ఏలనగా అదే బల్లమీద మరి ముగ్గురు ఓడుచుండిరని నేనెరుగుదును. నలుగురును ఒకరినొకరు చూచి, తక్కినవారు గెలుచుచున్నారని నమ్మిరి.

పెద్దలారా! పిల్లలను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. నా తప్పును కూడ ఈ సభలో చెప్పెదను. మన రాష్ట్రమున 2007లో లాటరీలు నిషేధింపబడినవి. దానికి మునుపు మా అంగడి అరుగుమీద ఒకడు బల్ల వేసికొని లాటరీ టిక్కెట్లు అమ్ముచుండెను. మేము వానియొద్ద నెల బాడుగ పుచ్చుకొనుచుంటిమి. కూలి చేసి వచ్చినవారు బియ్యమునకు తెచ్చిన సొమ్ము ఆ బల్లమీద పెట్టి, మాయొద్ద బియ్యము అరువు అడుగుచుండిరి. నేను బాడుగను ఒక పుటలోను, అరువును ఇంకొక పుటలోను వ్రాసితిని. రెండు పుటలును ఒకే మనుష్యునివని తెలిసియు తెలియనట్లుంటిని. అందర్ బాహర్ ఆటకు ఇండ్లు బాడుగ కిచ్చినవారు, మట్కా చీటీలు వ్రాయువానికి తమ గడపను నీడగా ఇచ్చినవారు మనలో లేరా? మనము అరుగు ఇచ్చితిమి. పిల్లలకు నేడు అరుగు అక్కరలేదు, జేబులోని ఫోనే అరుగు.

చట్టము ఏమి చెప్పుచున్నది? మన రాష్ట్రమున 1963 నాటి పోలీసు చట్టము జూదపు ఇండ్లను నేరముగా ఎంచినది. ఫోనుల కాలము వచ్చిన పిదప 2021లో ఆ చట్టమును సవరించి, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించిరి. 2022 ఫిబ్రవరి 14న హైకోర్టు ఆ సవరణలోని ముఖ్య భాగములను కొట్టివేసినది. పొరుగున తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ తమ చట్టములను కఠినము చేసినవి. తుదకు 2025 ఆగష్టు నెలలో పార్లమెంటు దేశమంతటికి వర్తించు చట్టము చేసినది. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదించిరి. సొమ్ము పెట్టించు ఆన్‌లైను ఆటలను నడుపువారికి మూడు సంవత్సరముల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేయువారికి రెండు సంవత్సరముల వరకు జైలు, ఏబది లక్షల వరకు జరిమానా అందు విధింపబడినవి. గమనింపుడు: ఆడినవానికి ఆ చట్టము శిక్ష విధింపలేదు. ఆడినవాడు దోషికంటె బాధితుడని అందలి భావము. చట్టమునకున్న దయ మన ఇండ్లలో ఉండవద్దా? అయినను చట్టమొక్కటే చాలదు. విదేశమునుండి నడుచు యాప్‌లు ఒకటి మూసిన ఇంకొక పేరుతో తెరచుకొనును. 2026 ప్రపంచ కప్పునకు 48 జట్లు, 104 ఆటలు నిర్ణయింపబడినవి. 104 ఆటలనగా పందెగానికి 104 అవకాశములని అర్థము.

మన తెలుగు కుటుంబములు ఈ సీమకు ఎన్నడో వచ్చి స్థిరపడినవి. వీధిలో కన్నడము, ఇంట తెలుగు మాటలాడుచు, చింతామణి సంతలోను, బాగేపల్లి సంతలోను, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులోను మనము బ్రదుకుచున్నాము. మన పూర్వులు తెచ్చిన ఆస్తి భూమి కాదు, బంగారము కాదు, పరపతి. 'ఆ ఇంటివాడు చెప్పినాడు' అనిన చాలును, పత్రము లేకయే సరుకు వచ్చును. కొద్దిమందిగా ఉన్నవారికి పరపతియే కోట. పొదుపు పెట్టె ఖాళీ అయిన దినమున ఆ తల్లి పోగొట్టుకొన్నది లక్షా నలుబది వేలు కాదు. ఇరువదిమంది ఎదుట తలయెత్తి నడచు హక్కు. అది తీర్చుటకే మన సంఘమువారు కొందరము చేతులు కలిపి, వడ్డీ లేక సొమ్ము సర్దితిమి. ఆ యువకుడు నెల నెల తీర్చుచున్నాడు. ఆవర్జాలో ఆ పుట ప్రతి నెల తగ్గుచున్నది. నేను వ్రాసిన పుటలన్నిటిలో దానిని చూచిననే నాకు సంతోషము.

ఇక నా మనవి నాలుగు మాటలు. మొదటిది: గెలుపు చెప్పువాడు అదే నోట నష్టమును కూడ చెప్పవలెనని మా రాతి బల్లమీద ఒక నియమము పెట్టితిమి. మొత్తము చెప్పనివానికి టీ లేదు. నవ్వులాటగా మొదలైనను, గెలుపు కథలు చాల తగ్గినవి. రెండవది: కారణము చెప్పక అత్యవసరముగా సొమ్ము అడిగిన పిల్లవానికి అప్పు ఇయ్యకుడు, కూర్చుండబెట్టి అన్నము పెట్టి అడుగుడు. మూడవది: ఇది వ్యసనమైనవానిని కొట్టుట, గదిలో పెట్టుట వలన ఫలము లేదు. 14416 అను నంబరుకు ఫోను చేసిన ప్రభుత్వపు టెలిమానస్ వారు ఉచితముగా మాటలాడుదురు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ఫోను వ్యసనములకు 2014నుండి ప్రత్యేక చికిత్సాశాల యున్నది. సొమ్ము మోసముగా లాగబడిన 1930 నంబరుకు వెంటనే తెలుపుడు. నాలుగవది: పెద్ద పోటీల వేళ మన సంఘపు మందిరమున తెర కట్టి ఆటను అందరము కలిసి చూతము. కలిసి అరచుట, కలిసి ఏడ్చుట, ఇదే ఆట. ఏకాంతమున దుప్పటి క్రింద ఫోను చూచుట ఆట కాదు.

వ్యాజ్యమున ఓడినవాడు అక్కడనే ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని సామెత. పందెమునకును అది చెల్లును. నేడు గెలిచినవాడు రేపు రెట్టింపు వేయును గనుక.

తుదిమాట. మనకు దగ్గరనే గౌరిబిదనూరు సమీపమున విదురాశ్వత్థమున్నది. అక్కడి అశ్వత్థమును విదురుడు నాటెనని స్థలపురాణము. మనలో అక్కడ నాగప్రతిష్ఠ చేయని ఇల్లు అరుదు. ఆ విదురుడెవరు? కౌరవ సభలో ద్యూతము వలదని చెప్పినవాడు. కాని భారత కథలో ఇంకొకటి యున్నది. రాజాజ్ఞకు లోబడి ద్యూతమునకు రమ్మను పిలుపును పాండవులయొద్దకు మోసికొనిపోయినవాడును విదురుడే. తప్పని తెలిసియు పిలుపు మోసినాడు. అరుగు బాడుగకిచ్చిన నేనును ఆ పనియే చేసితిని. ఇకమీదట ఆ చెట్టుకు ప్రదక్షిణము చేయునపుడు, పిలుపు మోసిన విదురుని కాక, వలదని చెప్పిన విదురుని తలచుకొందము. చెప్పుట ఆలస్యమైనను చెప్పుదము. వినువాడు ఓడి వచ్చినవాడైన, తలుపు తెరచియుంతము.

వెనుక వరుసలోని తమ్ములకు ఒక మాట: రేపు సాయంకాలము బల్లవద్దకు రండు. చిట్టా పుస్తకము, పెన్సిలు నేను తెచ్చెదను.